ప్రాసెసర్ఐడీ అన్ని సిస్టమ్స్‌లో ఒకటే వస్తోంది, ఏది నమ్మాలి?

ల్యాబ్‌మేట్:
నమస్తే అండి. మా ల్యాబ్‌లో వందకు పైగా విండోస్ సిస్టమ్స్ ఉన్నాయి. ఒక్కోదాని వెనక్కి దూరి స్టిక్కర్ చదవలేక, లాగిన్ అవ్వగానే నడిచేలా ఒక బ్యాచ్ ఫైల్ పెట్టాను. అది డబ్ల్యూఎంఐసీతో (విండోస్‌ని సిస్టమ్ వివరాలు అడిగే కమాండ్) ప్రాసెసర్ పేరు, కోర్లు, ర్యామ్, గ్రాఫిక్స్ మెమరీ తీసి షేర్డ్ ఫోల్డర్‌లో సీఎస్‌వీగా పడేస్తుంది. ఫైల్ పేరుకి ప్రాసెసర్ఐడీ వాడాను, చిప్‌కో నంబర్ ఉంటుంది కదా అని.

తీరా చూస్తే ఫోల్డర్‌లో ఫైళ్లు పట్టుమని పది లేవు. ఒకే మోడల్ సిస్టమ్స్ అన్నీ ఒకే ఫైల్ మీద రాసేస్తున్నాయి. చాలావాటిలో వస్తున్న ఐడీ ఇది: బీఎఫ్ఈబీఎఫ్‌బీఎఫ్ఎఫ్000306సీ3.

పనిలో పనిగా ఇవి కూడా చెప్పండి. కొత్త విండోస్ 11 సిస్టమ్స్‌లో అసలు డబ్ల్యూఎంఐసీ అనే కమాండే లేదంటోంది. 8 జీబీ గ్రాఫిక్స్ కార్డుకి 4 జీబీ అని వస్తోంది. రెండు ప్రాసెసర్ల సర్వర్ ఒకటుంది, దాంట్లో కోర్లు సగమే చూపిస్తోంది.

నైట్‌షిఫ్ట్:
కంప్యూటర్ నేమ్ వాడేయండి బ్రో, గొడవ వదిలిపోతుంది.

పాతకీబోర్డు:
కంప్యూటర్ నేమ్ వద్దు. ఎవరో ఫార్మాట్ కొట్టి కొత్త పేరు పెడతారు, మీ లిస్టులో అదే డబ్బా రెండుసార్లు కూర్చుంటుంది.

ల్యాబ్‌మేట్ గారూ, ప్రాసెసర్ఐడీ సీరియల్ నంబర్ కాదు. చిప్ తన వివరాలు తానే చెప్పే సీపీయూఐడీ ఇన్‌స్ట్రక్షన్‌ని 1 అనే విలువతో పిలిస్తే ఈఏఎక్స్, ఈడీఎక్స్ రిజిస్టర్లలో ఏం వస్తుందో, ఆ రెండూ పక్కపక్కన పెట్టి ఇస్తుంది విండోస్. మీ నంబర్‌నే విప్పి చూద్దాం. చివరి 306సీ3ని కుడి నుంచి చదవండి: 3 స్టెప్పింగ్ (అదే డిజైన్‌లో సవరణ నంబర్), సీ మోడల్, 6 ఫ్యామిలీ. తర్వాతి సున్నా వదిలేయండి. ఎడమ చివర 3 మోడల్‌కి పై అంకె. అంటే ఫ్యామిలీ 6, మోడల్ 3సీ. ఇంటెల్ నాలుగో తరం కోర్, హాస్వెల్. ముందు సగం, ఆ బీఎఫ్ఈబీ గోలంతా, ఎంఎంఎక్స్, ఎస్ఎస్ఈ, ఎస్ఎస్ఈ2 లాంటి సదుపాయాలు చిప్‌లో ఉన్నాయో లేవో చెప్పే బిట్లు. దాన్ని పట్టుకుని మిషన్‌ని గుర్తుపట్టడమంటే ఇంటిపేరు చెప్పి మనిషిని వెతకమన్నట్టే.

చిప్‌కో నంబర్ అనేది ఒకప్పుడు నిజంగానే ఉండేది. 1999లో పెంటియం 3లో పెట్టారు. దాంతో జనాన్ని ఆన్‌లైన్‌లో వెంటాడొచ్చని పెద్ద రగడ అయ్యాక పెంటియం 4లో తీసేశారు. ప్రాసెసర్ పాడైతే మార్చేస్తాం కాబట్టి సిస్టమ్ లెక్కకి అదైనా పెద్దగా పనికొచ్చేది కాదనుకోండి.

మీకు కావాల్సింది విన్32_బయోస్‌లో సీరియల్‌నంబర్ (ఇలా విన్32_ అని ఉన్నవి విండోస్ సిస్టమ్ వివరాలు ఇచ్చే పట్టికలు). కంపెనీ సిస్టమ్స్‌లో స్టిక్కర్ మీదున్నదే మామూలుగా అక్కడా ఉంటుంది. దాంతోపాటు విన్32_కంప్యూటర్‌సిస్టమ్‌ప్రొడక్ట్‌లో యూయూఐడీ (సిస్టమ్‌కి ఇచ్చే గుర్తింపు సంఖ్య) కూడా తీసి పెట్టుకోండి.

డబ్ల్యూఎంఐసీని మైక్రోసాఫ్ట్ విండోస్ 10 21హెచ్1 వెర్షన్ నాటికే పక్కన పెట్టేసింది. పవర్‌షెల్‌కి మారండి, అందులో గెట్-సిమ్‌ఇన్‌స్టెన్స్ వాడండి. నెట్‌లో కనిపించే గెట్-డబ్ల్యూఎంఐఆబ్జెక్ట్ ఉదాహరణలు కాపీ కొట్టకండి, పవర్‌షెల్ 6 నుంచి అది లేదు.

గ్రాఫిక్స్ సంగతి: అడాప్టర్‌ర్యామ్ అనే ఫీల్డే 32 బిట్లది. 4 జీబీ దాటిన సంఖ్య అందులో పట్టదు. అసలు విలువ రిజిస్ట్రీలో డిస్‌ప్లే అడాప్టర్ల క్లాస్ కింద హార్డ్‌వేర్‌ఇన్ఫర్మేషన్.క్యూడబ్ల్యూమెమరీసైజ్ అనే పేరుతో ఉంటుంది, అక్కడ్నుంచి చదవండి.

సర్వర్‌లో విన్32_ప్రాసెసర్ సాకెట్‌కి ఒక వరుస చొప్పున ఇస్తుంది. మీ స్క్రిప్ట్ మొదటి వరుస చదివి ఆగిపోతున్నట్టుంది. నంబర్‌ఆఫ్‌కోర్స్ అన్ని వరుసల్లోదీ కూడండి. నంబర్‌ఆఫ్‌లాజికల్‌ప్రాసెసర్స్ (ఒక్కో కోర్ విండోస్‌కి రెండుగా కనిపించొచ్చు, ఆ లెక్క) వేరే కాలమ్‌లో ఉంచండి. రెండూ కలిపేస్తే తర్వాత ఎవరో 16 కోర్లు అని చదివి లైసెన్సులు కొంటారు.

ల్యాబ్‌మేట్:
చాలా థ్యాంక్స్ అండి. కంపెనీ సిస్టమ్స్ అన్నీ దారికొచ్చాయి. అసెంబుల్డ్ వాటిలో మాత్రం సీరియల్ నంబర్ దగ్గర "టు బి ఫిల్డ్ బై ఓ.ఈ.ఎం." అని వస్తోంది. కొన్నిట్లో "డిఫాల్ట్ స్ట్రింగ్". ఇంకో డౌటు, 16 జీబీ ర్యామ్ ఉన్నవాటికి 15.8 అని ఎందుకు వస్తోంది?

పాతకీబోర్డు:
బోర్డు తయారుచేసినవాళ్లు ఖాళీగా వదిలితే ఆ మాటలే మిగులుతాయి. ఆ రెండూ, ఖాళీదీ, అన్నీ సున్నాలదీ ఒక చెత్త జాబితాగా స్క్రిప్ట్‌లో పెట్టుకోండి. బయోస్ సీరియల్ అందులో ఉంటే విన్32_బేస్‌బోర్డ్ సీరియల్ చూడాలి, అదీ చెత్తే అయితే యూయూఐడీ. యూయూఐడీని కూడా గుడ్డిగా నమ్మొద్దు: 03000200-0400-0500-0006-000700080009 అని వచ్చిందంటే అది బోర్డులో నింపకుండా వదిలేసిన నమూనా విలువ, ఎన్నో మిషన్లలో అదే ఉంటుంది. ఆఖరికి బోర్డు మీదున్న ల్యాన్ పోర్టు మ్యాక్ అడ్రస్. యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్‌ది మాత్రం తీసుకోకండి, అది రేపు ఇంకో సిస్టమ్‌కి తగిలిస్తారు.

ర్యామ్: టోటల్‌ఫిజికల్‌మెమరీ అంటే హార్డ్‌వేర్‌కి కేటాయించింది పోగా విండోస్ చేతికి మిగిలింది. కొన్నదెంతో కావాలంటే విన్32_ఫిజికల్‌మెమరీలో ఒక్కో స్టిక్ కెపాసిటీ కూడండి. ఈ కూడిక బ్యాచ్ ఫైల్‌లో మాత్రం వద్దు. సెట్ స్లాష్ ఏ లెక్కలు 2147483647 దాకానే, బైట్లలో ఒక్క 8 జీబీ స్టిక్కే దాన్ని దాటిపోతుంది.

టక్స్‌భక్త:
లినక్స్ మిషన్లు కూడా ఉంటే: ఎల్ఎస్‌సీపీయూ కమాండ్‌కి హైఫన్ పెద్ద జే ఇస్తే జేసన్‌లో వస్తుంది, ప్రాక్ సీపీయూఇన్ఫో ఫైల్‌ని గ్రెప్‌తో వెతుక్కుంటూ కూర్చోనక్కర్లేదు. ఆ ఫైల్‌లో ప్రాసెసర్ అనే లైన్లు లెక్కపెడితే వచ్చేవి లాజికల్ ప్రాసెసర్లు, కోర్లు కావు. ఏఆర్ఎం మిషన్లలో అక్కడ మోడల్ నేమ్ లైనే చాలాసార్లు ఉండదు. సీరియల్, యూయూఐడీ సిస్ ఫోల్డర్‌లో క్లాస్, డీఎంఐ, ఐడీ కింద ఉంటాయి, కానీ రూట్‌కి (లినక్స్‌లో అడ్మిన్) మాత్రమే కనిపిస్తాయి. ప్రొడక్ట్_నేమ్ ఎవరైనా చదవొచ్చు. కాబట్టి లాగిన్ స్క్రిప్ట్‌లో కాకుండా బూట్‌లో రూట్‌గా నడిచే సర్వీస్‌లో పెట్టండి.

నైట్‌షిఫ్ట్:
పైథాన్‌లో ప్లాట్‌ఫామ్.ప్రాసెసర్ అంటే ఒక్క లైన్‌లో అయిపోదా?

టక్స్‌భక్త:
లినక్స్‌లో అది చాలాసార్లు ఖాళీ స్ట్రింగ్ ఇస్తుంది బ్రో, విండోస్‌లో "ఇంటెల్64 ఫ్యామిలీ 6 మోడల్ 60" అంటుంది. లిస్టు చూసేవాళ్లు ఐ5 ఎక్కడ అని అడుగుతారు.