తూటా దిగని గ్రహాంతర శత్రువు: కథలో ఈ లెక్క నమ్మేలా ఉందా?

ఒక సైన్స్ ఫిక్షన్ కథ రాస్తూ సగంలో ఇరుక్కుపోయాను, కాస్త సాయం చేయండి.

సొరంగంలో పన్నెండు మంది సైనికులు, ఎదురుగా గ్రహాంతర జీవి. తూటా తగిలిన చోట దాని చర్మం చెరువులో రాయి పడ్డట్టు వలయాలు తిరిగి సర్దుకుంటుంది. తూటా మాత్రం రేకులా అణిగిపోయి, టంగుమని కింద పడుతుంది. గ్రెనేడ్ వేసినా అంతే.

'దానికేమీ కాదు' అని రాసేయడం తేలికే. కానీ భౌతికశాస్త్రం ఊరుకోదు కదా! 4 గ్రాముల రైఫిల్ తూటా సెకనుకు 900 మీటర్ల వేగంతో వస్తే దాని గతిశక్తి సుమారు 1,600 జౌళ్లు. చర్మం చిరగకపోయినా ఆ శక్తి ఎక్కడికో పోవాలి. అంతా వేడిగా మారిందనుకుందాం. జీవి ఒంట్లో 70 కిలోల నీరుంటే, వెయ్యి తూటాలకు పెరిగేది ఐదారు సెల్సియస్ డిగ్రీలే. వినడానికి తక్కువే గానీ, మనిషికి జ్వరం అంత పెరిగితే ప్రాణాల మీదికొస్తుంది.

అంటే తూటాలు దాన్ని చీల్చవు, ఉడికిస్తాయి. చల్లబడే వీల్లేకుండా ఆపకుండా కాల్చాలి. ఒక్కొక్కరి దగ్గర ఉన్నవి 210 తూటాలు, అందులో సగం ముందే వృథా చేశారు.

నా సందేహాలు: ఈ లెక్కలో తప్పేమైనా ఉందా? అది వేడెక్కుతోందని సైనికులు ఎలా పసిగట్టాలి? ఒంటి నుంచి ఆవిరి లేవడం మరీ సినిమాటిక్‌గా అనిపిస్తోంది. సైన్యంలో పనిచేసినవాళ్లుంటే ఇంకోటి చెప్పండి, తూటాలు పనిచేయట్లేదని తెలిశాక దళనాయకుడు నిజంగా కాల్పులు కొనసాగించమంటాడా?

రహస్య ఆయుధం, వైరస్ లాంటి సలహాలు మాత్రం వద్దు, ప్లీజ్.