గోషామహల్: 'గో'నా, 'ఘో'నా?

తాటాకు: హైదరాబాద్ గోషామహల్ మీద మా తాతయ్య ఒక మాట అనేవారు. "గోషామహల్ గుట్టు గోడలకెరుక..." రెండో సగం ఎంతకీ నోటికి రావడం లేదు. వారం రోజులుగా ఇదే టెన్షన్. ఎవరైనా విన్నారా? ఆయన మొదటి అక్షరం ఒత్తి పలికేవారో లేదో కూడా అనుమానమే.

పాతబస్తీ: ఒత్తు లేదు. ఫార్సీలో గోషా అంటే మూల, ఏకాంతం. పరదా అనే అర్థం అందులోంచే వచ్చింది. తానీషా 1682లో రాణివాసానికి కట్టించిన బారాదరి కదా అది.

సాగరతీరం: మా విశాఖలో ఆడవాళ్ల ఆస్పత్రిని 'ఘోషా ఆస్పత్రి' అనే అంటాం, రాస్తాం. మూడు నాలుగు తరాలు ఒత్తి పలికాక అది తెలుగు మాటే అవుతుంది. ఫార్సీ చూపించి మా నోళ్లు దిద్దకండి.

గవాక్షం: ఇద్దరూ భారతంలోని ఘోషయాత్రను మరిచారు! అక్కడ ఘోష అంటే చప్పుడు కాదు, ఆలమందలుండే గొల్లపల్లె. పేరు అలాంటి పల్లెది అయ్యుండొచ్చు. అసలు అరణ్యపర్వంలో నన్నయ శరద్రాత్రి దగ్గర ఆగిపోతే, ఎఱ్ఱన తెల్లవారడంతో అందుకున్నాడు చూడండి, ఆ ఒక్క ఉదయం చాలు ఆయన ఎంతటివాడో చెప్పడానికి.

పాతబస్తీ: ఎఱ్ఱన అంటే నాకూ ప్రాణమే. కానీ మహల్‌కి మందను ముడిపెట్టకండి. 1872లో దాన్ని ఫ్రీమేసన్లకు, అంటే గుట్టుగా సభలు జరుపుకునే ఒక మగవాళ్ల సంఘానికి, ఇచ్చారు. ఆడవాళ్ల గోషా పోయి మగవాళ్ల గోషా వచ్చింది. లాడ్జి, అంటే వాళ్ల సభ, కూర్చుంటే తలుపు బయట ఒకరు కత్తి దూసి కాపలా ఉంటారు. లోపల గళ్ల నేల, తూర్పున మాస్టర్ కుర్చీ. 'గుట్టు' అన్న మాట అందుకే అతికింది.

గవాక్షం: బారాదరి అంటే పన్నెండు ద్వారాలు. రామదాసు చెరలో ఉన్నదీ పన్నెండేళ్లని చెబుతారు. ఇద్దరికీ తానీషాయే!

పాతబస్తీ: బారాదరి అన్న ప్రతిదానికీ ద్వారాలు పన్నెండే. పైగా రామదాసు చెర గోల్కొండలో.

సాగరతీరం: ఉత్తరాదిన జనం ఈ లాడ్జీలను జాదూఘర్, అంటే మంత్రాల ఇల్లు, అనేవారట. మనవాళ్లు 'గుట్టు' దగ్గరే ఆగారు, బాగుంది.

తాటాకు: అమ్మకు ఫోన్ చేశాను. చివర "...కత్తికెరుక" అని వస్తుందట, మధ్యలోది ఆవిడకూ గుర్తు లేదు. పాతబస్తీ గారూ, మీరన్న కాపలా కత్తేనంటారా?

సాగరతీరం: అది సరే, అమ్మగారు ఒత్తి పలికారా, లేదా?