ధర్మనిస్తారకమా, ధర్మవిస్తారకమా? అయ్యవారి పలక మీద చెక్కించవలసిన అక్షరం

బుచ్చిరెడ్డిపాళెం నుంచి ఒక పూర్వ విద్యార్థి:

సభ్యులందరికీ నమస్కారం. పెన్న ఒడ్డున మేము చదువుకున్న ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పిన మా అయ్యవారు పోయిన ఏడు కాలం చేశారు. ఆయన పాఠం చెప్పిన గది గోడకు ఒక నల్లరాతి పలక పెట్టించాలని పాత పిల్లలమంతా చందాలు వేసుకున్నాము. పలక చీమకుర్తి నుంచి వచ్చి బడి వరండాలో గోనెపట్టా కింద ఉంది. దాని మీద ఆయన పేరు, పని చేసిన సంవత్సరాలు, వాటి కింద ఆయనకు ప్రాణమైన పద్యపాదం ఒకటి చెక్కించాలని అనుకున్నాము. ఆ పాదం 'స్తారకమయ్యు సత్యశుభదాయకమయ్యును దైవముండెడున్' అనేది. చూశారు కదా, పాదం మాట నడుమ మొదలవుతోంది. ముందరి అక్షరం కలపకుండా చెక్కిస్తే తలలేని మొండెంలా ఉంటుంది. ఆ అక్షరం 'ని' అని మాలో సగం మంది అంటున్నారు. నా చెవిలో మాత్రం అయ్యవారి గొంతు 'ధర్మవిస్తారకమయ్యు' అనే పలుకుతోంది. ఏది సరైనదో పెద్దలు చెప్పగలరు.

కావలి సభ్యుడు:

ఇది తిక్కన గారి భారతం ఉద్యోగపర్వంలో కృష్ణరాయబారం నాటి మాట. పద్యం పూర్తిగా ఇస్తున్నాను.

సారపు ధర్మమున్ విమల సత్యముఁ బాపముచేత బొంకుచేఁ
బారముఁ బొందలేక చెడఁబారినదైన యవస్థ దక్షు లె
వ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని ధర్మ ని
స్తారకమయ్యు సత్యశుభదాయకమయ్యును దైవముండెడున్

నాకు తెలిసిన పాఠం 'ని'. అయితే ఛందస్సు ఈ తగవు తీర్చదని ముందే చెప్పాలి. అది మూడో పాదంలో ఇరవయ్యో అక్షరం. అక్కడ 'ని' ఉన్నా 'వి' ఉన్నా హ్రస్వమే, తరువాతి పాదం మొదట ఉన్న 'స్తా' వల్ల రెండూ గురువులే అవుతాయి. యతి పదో అక్షరమైన 'వా' దగ్గర తీరిపోయింది. ప్రాస రేఫకు చెందినది కనుక దీని జోలికి రాదు. తిక్కన గారు కావాలనే మన మధ్య తగవు పెట్టి పోయినట్టుంది.

నెల్లూరు, మూలాపేట సభ్యుడు:

ఛందస్సు తీర్చకపోయినా ధాతువు తీరుస్తుంది. రెండు మాటల్లోనూ 'స్తార' వినిపిస్తుంది కానీ రెండింటిలోని సకారం ఒకటి కాదు. 'నిస్తారము'లో సకారం 'నిస్' అనే ఉపసర్గకు చెందినది, ధాతువు దాటడమనే అర్థమున్న 'తౄ'. 'విస్తారము'లో ఉపసర్గ 'వి' మాత్రమే, సకారం పరచడమనే అర్థమున్న 'స్తృ' ధాతువుది. ఇప్పుడు రెండో పాదం చూడండి. ధర్మమూ సత్యమూ 'పారముఁ బొందలేక' చెడుతున్నాయి. పారమంటే ఆవలి ఒడ్డు. ఒడ్డు చేరలేక మునిగేదాన్ని దాటించేవాడు నిస్తారకుడే కావాలి. మునిగేదాన్ని విస్తరింపజేస్తానని ఎవరైనా వస్తే నవ్విపోతారు.

ఇంకొక మాట కూడా చెప్పనివ్వండి. పెన్న ఒడ్డున రంగనాయకుల గుడి దగ్గర కూర్చుని తిక్కన భారతం రాశారన్నది మా ఊళ్లో తరతరాలుగా వినవచ్చే మాట. ఏటికి నీళ్లొచ్చినప్పుడు అవతలి ఒడ్డు కనబడుతూనే ఉండి చేరరాకపోవడం చూసినవాడికి 'పారము బొందలేక' అన్న మాట నిఘంటువులో వెదకవలసిన మాట కాదని నా నమ్మకం. వ్యాసుడి మూలశ్లోకంలో నది ఊసు లేదు, ఆ నీళ్లు మావే.

ఒంగోలు సభ్యురాలు:

మూలాపేట వారి ధాతుచర్చ బాగుంది. పెన్న సంగతి మాత్రం అభిమానం కింద జమ వేసుకుంటాను. సంస్కృతంలో ధర్మానికీ సంసారానికీ దాటడం, ఒడ్డు, ఓడ అన్న పోలికలు పెన్న పుట్టిల్లు తెలియని కవులు కూడా వాడారు. ఇంకొక సంగతి, 'తీరము' 'తౄ' ధాతువు నుంచి వచ్చింది కానీ 'పారము' అందులోనుంచి రాలేదు. కాబట్టి ఆ రెంటికీ ఉన్నది అర్థంలో చుట్టరికమే, రక్తసంబంధం కాదు.

నెల్లూరు వారు భారతాన్ని తమ పెరటి చెట్టులా చెప్పుకునేటప్పుడు గుడ్లూరుతో ముడిపడిన మా ఎర్రనను మరచిపోవడం ఆనవాయితీ అయింది. అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో 'శారదరాత్రులు' దగ్గర నన్నయ ఆగిపోతే 'స్ఫురదరుణాంశు' అని తెల్లవారుతో అందుకున్నవాడు ఆయన. నన్నయ రాత్రి దగ్గర విడిచాడు, ఎర్రన పొద్దు పొడిపించాడు. తన పేరు ఎక్కడా ముందుకు తోసుకోకుండా, రాజరాజనరేంద్రునికే అంకితంగా, నన్నయ రాసినట్టుగానే పూర్తి చేశాడు. ఒక గురువు జ్ఞాపకార్థం పలక పెట్టేవారు, ముందువాడు విడిచిన చోట తలవంచి అందుకున్న ఆ కవిని కాదని, రాయబారంలోని హెచ్చరికను ఎందుకు ఎంచుకున్నారో నాకు అర్థం కాలేదు.

కావలి సభ్యుడు:

ఎర్రన మీద మాకు గౌరవం ఉంది. కానీ అడిగినది ఒక్క అక్షరం గురించి.

ఆత్మకూరు సభ్యుడు:

అక్షరం కంటే 'అయ్యు' గురించి ఎవరూ అడగకపోవడం నాకు వింతగా ఉంది. 'వానవచ్చియు తడవలేదు' అన్నట్టుగా దాన్ని 'అయినప్పటికీ' అని తీసుకుంటే, దైవం ధర్మాన్ని దాటించేదైనప్పటికీ ఊరికే ఉంటుందన్న విపరీతార్థం వస్తుంది. ఇక్కడ అది 'అయియు' అన్న సముచ్చయమే. దాటించేదీ అయి, శుభమిచ్చేదీ అయి దైవముంటుంది. అందుకే రెండుసార్లు వాడారు. మీ అయ్యవారు దీన్ని ఎలా చెప్పేవారో తెలుసుకోవాలని ఉంది.

చెన్నైలో ఉంటున్న అదే బడి పూర్వ విద్యార్థిని:

ఒంగోలు అక్కయ్య అడిగినదానికి నేను జవాబు చెప్పగలననుకుంటాను. మా తొమ్మిదో తరగతిలో ఒక పిల్లవాడి కొత్త కలాన్ని ఇంకొకడు లాక్కొని విరిచాడు. తరగతి అంతా చూస్తూ కూర్చుంది. అయ్యవారు వచ్చి, విరిచినవాణ్ని ఒక్క మాట అనలేదు. నల్లబల్ల మీద ఈ పద్యం రాసి, 'దక్షులు' కింద గీత గీసి, 'వీళ్లెవరు?' అని మమ్మల్ని వరుసగా అడిగారు. దక్షులంటే సమర్థులని నేను చెప్పాను. 'సమర్థులు ఎందరున్నారు ఈ గదిలో?' అని అడిగారు. ఎవరమూ చెయ్యెత్తలేదు. ఆ తరువాత మూలశ్లోకం చివరి ముక్క 'హతాస్తత్ర సభాసదః' (అక్కడి సభాసదులు హతులైనట్టే) చదివి, వ్యాసుడు సభలో ఉన్నవాళ్లందరినీ పట్టుకున్నాడనీ, తిక్కన మాత్రం ఆపగలిగి ఆపనివాళ్లను వేరుచేసి చేటు వాళ్ల నెత్తిన పెట్టాడనీ చెప్పారు. చేతకానివాణ్ని తిక్కన వదిలిపెట్టాడా అన్నదాని మీద ఆ గంటంతా గడిచిపోయింది.

అందుచేత నా మనవి ఏమిటంటే, అయ్యవారికి ప్రాణమైనది నాలుగో పాదం కాదు, రెండో పాదం చివర మొదలయ్యే 'దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని' అన్న ముక్క. దైవముండెడున్ అని మాత్రమే చెక్కిస్తే, మిగిలినదంతా దేవుడు చూసుకుంటాడులెమ్మన్నట్టు ఉంటుంది. ఆయన ఆ మాట అనే మనిషి కాదు.

'ని'యా 'వి'యా అంటే, బుచ్చిరెడ్డిపాళెం అన్నా, నువ్వు ఆఖరి బెంచీలో కూర్చునేవాడివి, గది వెనక కాలవ నీళ్ల చప్పుడుండేది. నేను మూడో బెంచీలో 'ని' అనే విన్నాను.

బుచ్చిరెడ్డిపాళెం పూర్వ విద్యార్థి:

చెల్లెమ్మా, కాలవ మీద నెపం పెట్టడం బాగుంది కానీ కాలవకు నీళ్లొచ్చేది ఆరు నెలలే. ధాతువు వాదన విన్నాక 'ని' ఒప్పుకుంటున్నాను. అయినా నా చెవి ఒప్పుకోవడం లేదు. అయ్యవారే ఒకనాడు పొరబాటుగా 'వి' అని ఉంటారని రాయడానికి నాకు చెయ్యి రాదు.

మీ మాట మీద పద్యం మొత్తం చెక్కిద్దామని చెక్కే ఆయనను అడిగాను. పలకలో చోటు సరిపోతుందన్నారు. ఆయన లెక్క అక్షరానికి ఇంత అని. అరసున్న చూపిస్తే, ఈ సగం చంద్రవంక తన కంప్యూటరు అక్షరాల్లో లేదని, చేత్తో చెక్కాలని, దాన్ని అక్షరంగా లెక్కగడతానని అన్నారు. అరసున్నలు తీసేయిద్దామా?

మూలాపేట సభ్యుడు:

తీసేస్తే 'సత్యము బాపము' అని మిగులుతుంది. 'సత్యమున్' చివరి నకారం, అంటే ద్రుతం, వల్లనే 'పాపము' కాస్తా 'బాపము' అయిందని ఆ చంద్రవంకే చెబుతోంది. అది లేకపోతే రేపు బడిపిల్లవాడు బాపమంటే ఏమిటని అడుగుతాడు, జవాబు చెప్పే అయ్యవారు గోడ మీద పేరుగా మాత్రమే ఉంటారు. అయిదింటికీ డబ్బు నేనిస్తాను, చెక్కించండి.

ఒంగోలు సభ్యురాలు:

అయిదు కాదు, ఆరేమో. 'పాపముచేత' తరువాత 'బొంకు' సరళాది (గ జ డ ద బలలో ఒకదానితో మొదలయ్యే మాట) కనుక అక్కడ ద్రుతానికి నిండుసున్న పెడితే 'చేత బొం' అన్న రగణం (గురువు, లఘువు, గురువు) చెడుతుంది గానీ అరసున్నకు అడ్డు లేదనుకుంటాను. 'పాపముచేతఁ బొంకుచేఁ' అని ఉండాలని నాకనిపిస్తోంది. ఆ ఆరోదానికి డబ్బు ఒంగోలు ఇస్తుంది.

కావలి సభ్యుడు:

అక్కడ ద్రుతం లోపించిందనుకుంటే అరసున్న అక్కరే లేదు. పలక మీద చెయ్యి వేసే ముందు రెండు రోజులు ఆగమని చెప్పండి.