జనాజా దగ్గర ‘మాఫ్’ అంటే మెహర్ పోయినట్టేనా?

ప్రశ్న (మట్టెవాడ, వరంగల్):
మా గల్లీలో ఒకామె భర్త పోయి 4 నెలలైంది. సున్నీలు. అత్తమామలు లేరు. కొడుక్కి పదేండ్లు, బిడ్డకు ఏడు. ఇల్లు భర్త పేరు మీద ఉంది, 30 లక్షలు చేస్తది. అప్పులు, అంత్యక్రియల ఖర్చు కలిపి 4 లక్షలు. సియాహాలో (నిఖా పత్రంలో) మెహర్, అంటే పెండ్లప్పుడు భర్త భార్యకు ఇస్తనని ఒప్పుకునే సొమ్ము, 2 లక్షలు, పైసా ముట్టలేదు. జనాజా (శవం) లేపేముందు “మెహర్ మాఫ్ చేసిన అను” అంటే ఏడ్చుకుంట తలూపింది. ఇప్పుడు మరిది మెహర్ లేదంటున్నడు, ఇంట్లో తనకూ వాటా ఉందంటున్నడు.

జవాబు 1 (హన్మకొండ కోర్టు దారి):
మెహర్ భర్త బాకీ. మాఫీ చెల్లాలంటే ఆమె తెలిసి, మనసారా చేయాలె. శవం ముందట నలుగురు అనిపించిన మాట నిలవదు, కోర్టులు కొట్టేసినయి కూడా. అసలు ఆ అడగడమే మానాలె.

లెక్క: ముందు ఖర్చులు, బాకీలు. 30లో 4 పోను, మెహర్ 2 పోను, మిగిలేది 24 లక్షలు. పిల్లలున్నరు కాబట్టి భార్యకు ఎనిమిదో వంతు, 3 లక్షలు. మిగతా 21లో కొడుక్కి 14, బిడ్డకు 7. కొడుకు ఉండంగ మరిదికి వాటా రాదు.

మెహర్ ముట్టేదాకా ఆమె ఆ ఇంట్లనే ఉండొచ్చు, వారసులు ఊరికే వెళ్లగొట్టలేరు. కానీ ఆ హక్కుతో ఇల్లు అమ్మలేదు. దావా వేయాల్సి వస్తే భర్త పోయిన రోజు నుంచి 3 ఏండ్లే గడువు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడ్తది.

ప్రశ్న వేసినవారు:
సియాహాలో ‘ముఅజ్జల్’ ఉందో ‘మువజ్జల్’ ఉందో తెలుస్తలేదు. ఇల్లు అమ్మి బాకీలు కట్టాలనుకుంటున్నది.

జవాబు 2:
ఉర్దూ రాత చూడండి. మీమ్ (మ) అక్షరం తర్వాత ‘ఐన్’ అక్షరం ఉంటే ముఅజ్జల్, అడగ్గానే ఇవ్వాల్సింది; ‘వావ్’ అక్షరం మీద హంజా గుర్తు ఉంటే మువజ్జల్, తలాఖ్‌కో చావుకో ఇవ్వాల్సింది. భర్త పోయినంక రెండూ ఒకటే. ‘దీనార్ సుర్ఖ్’ అని కూడా ఉంటే వదలకండి, అది బంగారం. తూకం మీదే కొట్లాట: కొందరు దీనార్‌కు 4.25 గ్రాములంటరు, మన దగ్గరి హనఫీ (సున్నీల్లో ఒక న్యాయ పద్ధతి) లెక్క 4.374. కొత్తగా నిఖా రాయించేవాళ్లు గ్రాములే రాయించుకోండి.

అమ్మకం విషయంలో జాగ్రత్త. ముస్లిం చట్టంలో తల్లి పిల్లల ఆస్తికి గార్డియన్ కాదు, చిన్నాన్న కూడా కాదు. పిల్లల వాటా ఆమె సంతకంతో అమ్మితే ఆ మేరకు చెల్లదు, కొన్నవాడికీ తలనొప్పే. ముందు కోర్టులో గార్డియన్‌గా వేయించుకుని, అమ్మడానికి అనుమతి తీసుకోవాలె.

జవాబు 3:
జహేజ్ సామాను (పెండ్లిలో పుట్టింటోళ్లు ఇచ్చిన వస్తువులు), పుట్టింటోళ్లు పెట్టిన బంగారం ఆమెవే, వాటాల్లో కలపొద్దు. బిల్లులు, పెండ్లి ఫోటోలు తీసిపెట్టండి. జోడే కీ రఖమ్ (పెండ్లికొడుకు వైపు ఇచ్చే నగదు) మాత్రం మెహర్ కాదు, అది కట్నం. 1961 చట్టం మెహర్‌ను కట్నం నుంచి మినహాయించింది, జోడా డబ్బును కాదు. సియాహా కనపడకపోతే నిఖా చేసిన ఖాజీ రిజిస్టరులో నకలు అడగండి.