బడ్జెట్‌కు ముందు ఎంపీలు అడిగితే ఆర్థిక మంత్రి జవాబు చెప్పాలా, "ఆగండి" అంటే సరిపోతుందా?

పద్దుపుస్తకం:
శీతాకాల సమావేశాలు చూసేవాళ్ళకి ఈ తంతు కొత్తేం కాదు. ఎంపీ లేచి ఫలానా పథకానికి వచ్చే ఏడాది నిధులు పెంచుతారా అని అడుగుతారు. సభ్యుల సూచన నోట్ చేసుకున్నాం, బడ్జెట్ సమయంలో పరిశీలిస్తాం అని మంత్రి కూర్చుంటారు. ఫిబ్రవరిలో ప్రసంగం అయిపోయాక ఆ ఎంపీకి మిగిలేది బల్ల చరచడమో, వాకౌట్ చేయడమో.

పన్ను రేట్లు గుట్టుగా ఉంచుకోండి, ఎవరూ కాదనరు. ఖర్చు దేనికి ఎక్కువ, దేనికి తక్కువ, లోటు ఎంతలో ఆపాలి, ఆదాయం అంచనా ఏ వృద్ధి రేటు మీద కట్టారు, వీటిలో దాచాల్సింది ఏముంది? డిసెంబరులో ఒక రోజంతా మంత్రి సభలో కూర్చుని వీటికి జవాబు చెప్పాలని నియమం పెట్టాలంటాను. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

వడ్డీకాసు:
కారణం 2024 జూలై 23. ఆ రోజు బడ్జెట్‌లో బంగారం మీద కస్టమ్స్ సుంకం 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించారు. షేర్ల మీద దీర్ఘకాలిక లాభాల పన్ను 10 నుంచి 12.5కి, స్వల్పకాలిక లాభాలది 15 నుంచి 20కి పెంచారు. షేర్ల పన్ను ఆ రోజు నుంచే అమలు.

ఇప్పుడు వారం ముందు సభలో ఎవరో "బంగారం సుంకం తగ్గించే ఆలోచన ఉందా" అని అడిగారనుకోండి. "ఉంది" అంటే దిగుమతులు ఆ క్షణం నుంచి ఆగిపోతాయి. "లేదు" అంటే సభకి అబద్ధం చెప్పినట్టు, సభా హక్కుల ఉల్లంఘన తీర్మానం మెడకి చుట్టుకుంటుంది. "చెప్పలేను" అంటారా? అంతకుముందు ఉక్కుకీ, వంటనూనెకీ "లేదు" అన్న మనిషి బంగారానికి మాత్రం "చెప్పలేను" అంటే అర్థం చేసుకోలేని వ్యాపారి ఉంటాడా? అందుకే మంత్రి అన్నిటికీ ఒకటే జవాబు చెబుతారు. దాన్ని పొగరు అనుకోకండి, ఆ కుర్చీలో మీరున్నా అదే అంటారు.

పద్దుపుస్తకం:
> కారణం 2024 జూలై 23

పన్ను రేట్లు పక్కన పెట్టే కదా మొదలెట్టాను గురూ. తిప్పి తిప్పి అక్కడికే తీసుకెళ్ళారు.

వడ్డీకాసు:
పక్కన పెట్టడం మీరనుకున్నంత తేలిక కాదండీ. లోటు ఎంతో చెబితే ప్రభుత్వం ఎంత అప్పు చేస్తుందో లెక్క కట్టేస్తారు. అది తెలిస్తే బాండ్ల రాబడి, అంటే ప్రభుత్వ అప్పు మీద మార్కెట్ అడిగే వడ్డీ, కదులుతుంది. బ్రిటన్‌లో 2025 నవంబర్ 4న ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ ప్రత్యేకంగా ప్రసంగం పెట్టి, ఆదాయపు పన్ను పెరగొచ్చన్న సంకేతాలిచ్చారు. పది రోజులు తిరక్కుండానే ఆ ఆలోచన మానుకున్నారని వార్త పొక్కింది. 14వ తేదీన ప్రభుత్వ బాండ్ల రాబడి ఎగిసింది. బడ్జెట్ వచ్చింది 26న! కాగితం బయటికి రాకముందే ఈ గొడవంతా.

జీరోఅవర్:
సభ ఎలా నడుస్తుందో చూడకుండా ఇద్దరూ గాల్లో కత్తులు తిప్పుతున్నారు. కాస్త నేల మీదికి రండి.

లోక్‌సభలో రోజుకి 20 స్టార్ గుర్తు ప్రశ్నలుంటాయి, అంటే మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాల్సినవి. గుర్తు లేనివి 230, వాటికి కాగితం మీద జవాబు. కనీసం 15 రోజుల ముందు నోటీసివ్వాలి. ఉన్నది ఒక గంట. 2019 నవంబర్ 27న 20కి 20 ప్రశ్నలూ పూర్తయితే, 1972 తర్వాత అదే మొదటిసారని పత్రికలు వార్త రాశాయి. పరిస్థితి ఎంత దివ్యంగా ఉందో దీన్నిబట్టే తెలుసుకోవచ్చు.

దానికి తోడు 41వ నియమం. ఒక జవాబులో ఇమడనంత పెద్ద విధాన ప్రశ్నలు కుదరవు, ఊహాజనితమైనవీ కుదరవు. "వచ్చే బడ్జెట్లో ఏం చేస్తారు" అన్నది ఈ రెండు గీతల మధ్య ఎక్కడో ఇరుక్కుంటుంది. బడ్జెట్ సమావేశాల్లోనైనా అడుగుదామంటే రాష్ట్రపతి ప్రసంగం, ఆర్థిక సర్వే, వెంటనే బడ్జెట్. మధ్యలో సందు లేదు.

అయితే అసలు ద్వారం వేరే ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. డిసెంబరులో అనుబంధ పద్దులు వస్తాయి, ఈ ఏడాదికి ఇంకా డబ్బు కావాలని ప్రభుత్వం సభని అడిగే సందర్భం. ఆ చర్చకి ఆర్థిక మంత్రే జవాబివ్వాలి. లోటు ఎటు పోతోంది, ఏ శాఖ డబ్బు ఖర్చుపెట్టకుండా వెనక్కిచ్చింది, అన్నీ అక్కడ అడగొచ్చు. లోటుకీ అప్పుకీ హద్దులు పెట్టే ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం ప్రకారం అర్ధ సంవత్సర సమీక్ష కూడా సభ ముందుకి రావాలి. ఆ కాగితం చేతిలో పెట్టుకుని మంత్రిని నిలదీసిన సభ్యులు బహు తక్కువ.

మూడోబెంచీ:
జీరోఅవర్ అన్నా, స్టాండింగ్ కమిటీలు ఉన్నాయి కదా? అక్కడ అడగరా? వేరే దేశాల్లో ఎలా చేస్తారు?

జీరోఅవర్:
శాఖలవారీ స్థాయీ సంఘాలు 1993 నుంచి ఉన్నాయి తమ్ముడూ. కానీ అవి పద్దులు పరిశీలించేది బడ్జెట్ పెట్టాక, సభకి విరామం ఇచ్చినప్పుడు. పైగా వాటి ముందుకి మంత్రి రారు, కార్యదర్శులు వస్తారు. అధికారి "విధానం మంత్రిగారి పరిధి" అంటారు. మంత్రిగారేమో బడ్జెట్ దాకా ఆగమంటారు.

పద్దుపుస్తకం:
వేరే దేశాల సంగతి నేను చెబుతా. న్యూజిలాండ్‌లో బడ్జెట్ మామూలుగా మేలో. కానీ మార్చి 31 లోపే ఆర్థిక మంత్రి బడ్జెట్ విధాన ప్రకటన బయటపెట్టాలని చట్టం. ప్రాధాన్యాలేంటి, అప్పు ఎటు తీసుకెళ్తారు, అన్నీ అందులో ఉంటాయి. పార్లమెంటు ఫైనాన్స్ కమిటీ దాన్ని పరిశీలిస్తుంది, మంత్రి స్వయంగా వచ్చి జవాబు చెబుతారు. పన్ను రేటు ఒక్కటీ బయటపడదు. కెనడాలో దిగువ సభ ఫైనాన్స్ కమిటీ 1994 నుంచి బడ్జెట్‌కు ముందే అందరి దగ్గరా సూచనలు విని నివేదిక ఇస్తోంది. దక్షిణాఫ్రికాలో ఫిబ్రవరి బడ్జెట్‌కు ముందే, అక్టోబరు ప్రాంతంలో మధ్యకాలిక బడ్జెట్ ప్రకటన సభకి వస్తుంది. ఎక్కడా మార్కెట్ కూలిపోలేదు.

తూర్పుగాలి:
దక్షిణాఫ్రికా పేరెత్తి మంచి పని చేశారు. 2024 అక్టోబరులో ఆ ప్రకటన వచ్చింది, సభ్యులు ప్రశ్నలూ అడిగారు. తర్వాతేమైంది? 2025 ఫిబ్రవరి 19న బడ్జెట్ పెట్టాల్సిన రోజునే వాయిదా. వ్యాట్ 15 నుంచి 17 శాతానికి పెంచుతామని మంత్రి గొడోంగ్వానా అంటే సంకీర్ణ భాగస్వాములు ససేమిరా అన్నారు. మార్చిలో రెండో బడ్జెట్ వచ్చింది, ఏప్రిల్లో వ్యాట్ పెంపు పూర్తిగా ఎత్తేశారు, మే 21న మూడో బడ్జెట్. ముందస్తు ప్రశ్నోత్తరాల పద్ధతి అంత చక్కగా ఉన్నచోట ప్రాణం పోయే విషయం ఒక్కటే ఎవరికీ తెలియలేదు. మంత్రులు మాట్లాడతారండీ, గంటలు గంటలు మాట్లాడతారు. చెప్పదలచుకోనిది మాత్రం చెప్పరు.

ఇక మన ఎంపీల సంగతి. 2018 మార్చిలో లోక్‌సభ శాఖల ఖర్చు పద్దులన్నిటినీ గిలెటిన్ చేసింది, అంటే చర్చ లేకుండా ఒక్కసారిగా ఓటు పెట్టి ఆమోదించింది. 2023 మార్చిలో మళ్ళీ అదే. బడ్జెట్ చేతికొచ్చాక, ప్రతి అంకె ముందున్నాక, చట్టం ఇచ్చిన సమయాన్నే వాడుకోలేదు. వాళ్ళకి డిసెంబరులో ఇంకో రోజు ఇస్తారా? పార్టీ విప్ ఉండగా అధికార పక్షం సభ్యుడు ఏం అడుగుతాడో నాకు ఇప్పుడే వినిపిస్తోంది: "ఇంత గొప్ప పథకం తెచ్చినందుకు మంత్రిగారికి ధన్యవాదాలు, దీనివల్ల కలిగిన ప్రయోజనాలేమిటో తెలియజేస్తారా?"

పద్దుపుస్తకం:
గిలెటిన్‌కి కారణం ఎంపీల బద్ధకం ఒక్కటే అంటే ఒప్పుకోను. బడ్జెట్ పెట్టాక ఏ పద్దులో రూపాయి కోసినా ప్రభుత్వం ఓడినట్టే లెక్క. అంకె మారదని తెలిశాక చర్చ మీద మనసెవరికుంటుంది? డిసెంబరులో అంకె ఇంకా పచ్చిగా ఉంటుంది, తేడా అక్కడే.

వడ్డీకాసు గారు మార్కెట్ భయం చూపిస్తున్నారు కాబట్టి ఇంకో తేదీ: 2022 సెప్టెంబర్ 23. బ్రిటన్‌లోనే. అప్పటి ఆర్థిక మంత్రి క్వార్టెంగ్ మినీ బడ్జెట్. స్వతంత్ర అంచనాల సంస్థని పక్కన పెట్టారు, ముందుగా ఎవరికీ ఏ జవాబూ చెప్పలేదు. అయిదు రోజులకి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దిగి బాండ్లు కొనాల్సొచ్చింది. 45 శాతం పన్ను శ్లాబు రద్దుని అక్టోబర్ 3న వెనక్కి తీసుకున్నారు, 14న మంత్రిగారే ఇంటికెళ్ళారు. అప్పటిదాకా నోరు మెదపని మంత్రి ఒక్కసారిగా బాంబు పేలిస్తే జరిగేది ఇదీ.

వడ్డీకాసు:
అది చెడ్డ బడ్జెట్. ముందు చెప్పినా చెడ్డ బడ్జెట్టే, బాండ్లు వారం ముందు పడేవి.

మీరంతా మర్చిపోతున్న పేరు బ్రిటన్ ఆర్థిక మంత్రి హ్యూ డాల్టన్. 1947 నవంబర్ 12న బడ్జెట్ ప్రసంగానికి సభలోకి నడుస్తూ దారిలో ఒక విలేకరికి పన్నుల సంగతి రెండు ముక్కలు చెప్పాడు. ఆయన సభలో చెప్పేలోపే సాయంకాలం పేపర్లో అచ్చయింది. మర్నాడు రాజీనామా. మన దగ్గర 1950లో లీకయ్యాక ముద్రణ రాష్ట్రపతి భవన్ నుంచే తరలించారు. కెనడాలో 1983లో ఆర్థిక మంత్రి లలోండ్ చేతిలో బడ్జెట్ పేజీని టీవీ కెమెరా పట్టేస్తే, లీకైన అంకె తప్పయ్యేలా 20 కోట్ల డాలర్లు మార్చి పెట్టాడు. ఇలాంటి చరిత్ర ఉన్న కుర్చీలో కూర్చున్నవాడు డిసెంబరులో నోరు విప్పుతాడా?

జీరోఅవర్:
డాల్టన్ కథ నాకూ ఇష్టమే, కానీ దాన్ని మీరు తలకిందులుగా పట్టుకున్నారు. ఆయన తప్పు సభకి ముందే చెప్పడమా? సభకంటే ముందు *విలేకరికి* చెప్పడం. ప్రజాప్రతినిధులు మొదట వినాలి అన్నది ఆ సంప్రదాయం వెనకున్న మర్యాద. రాను రాను అది ఎంపీలు అందరికంటే ఆఖర్న వినాలి అన్నట్టు తయారైంది.

బడ్జెట్‌కు ముందు ఆర్థిక మంత్రి ఎవరెవరితో కూర్చుంటారో చూడండి. పరిశ్రమ సంఘాలు, ఆర్థికవేత్తలు, రైతు సంఘాలు, కార్మిక సంఘాలు, రాష్ట్రాల ఆర్థిక మంత్రులు. ఫొటోలు కూడా విడుదల చేస్తారు. అక్కడెక్కడా అడ్డురాని గోప్యత లోక్‌సభ తలుపు దగ్గరే ఎందుకు అడ్డొస్తుంది?

వడ్డీకాసు:
ఆ సమావేశాల్లో మంత్రి వింటారు. జవాబివ్వరు.

తూర్పుగాలి:
అయితే సభకొచ్చి ఊరికే వినమనండి. దానికీ రారుగా!

మూడోబెంచీ:
ఒక సందేహం. జీఎస్టీ రేట్లు బడ్జెట్లో ఉండవు కదా. 2025లో ఆగస్టు 15న తగ్గిస్తామని చెప్పారు, సెప్టెంబర్ 3న కౌన్సిల్ ఖరారు చేసింది, 22 నుంచి అమలు. చిన్న కార్లు 28 నుంచి 18కి వస్తాయని అందరికీ ముందే తెలుసు. మరి అక్కడ గుట్టు లేకుండానే నడిచింది కదా?

వడ్డీకాసు:
నడిచిందా? ఆ నెల రోజులూ కార్ల షోరూమ్ వాళ్ళనెవరినైనా అడగండి. కొనేవాళ్ళంతా 22 దాకా ఆగిపోయారు.

పద్దుపుస్తకం:
ఆగారు, 22 తర్వాత కొన్నారు. ఆ మాత్రం ఇబ్బంది భరించగలిగిన దేశం, ఆరోగ్య శాఖకి వచ్చే ఏడాది ఎంతిస్తారో డిసెంబరులో వింటే తట్టుకోలేదా?

సరే, పన్ను ఊసే లేకుండా మూడు ప్రశ్నలు రాస్తాను. వీటిలో ఏది చెప్పకూడదో చూపించండి. ఒకటి, ఈ ఏడాది ఇచ్చిన దాంట్లో ఏ శాఖకి కోత పడబోతోంది. రెండు, వచ్చే ఏడాది ఆదాయం లెక్కకి ఎంత వృద్ధి అనుకుంటున్నారు. మూడు, బడ్జెట్ పుస్తకంలో కనిపించకుండా ప్రభుత్వ సంస్థల పేరు మీద చేస్తున్న అప్పు ఎంత.

మూడోది ఊరికే అడగడం లేదు. ఆహార సబ్సిడీ డబ్బు ఇవ్వకుండా ధాన్యం కొనే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీఐ చేత చిన్న పొదుపుల నిధి నుంచి అప్పు చేయించడం ఏళ్ళ తరబడి సాగింది. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఎత్తిచూపింది కూడా. 2021 ఫిబ్రవరి 1న ఆ అప్పుని పుస్తకంలోకి తెచ్చారు. 2020-21కి 1.15 లక్షల కోట్లుగా వేసిన ఆహార సబ్సిడీ సవరించిన అంచనాల్లో 4.22 లక్షల కోట్లయింది. కొంత కోవిడ్ ఉచిత ధాన్యం, నిజమే. చాలా భాగం ఆ పాత అప్పే. ఇందులో మార్కెట్ రహస్యం ఏముంది? సభకి చెప్పని లెక్క, అంతే.

వడ్డీకాసు:
మొదటిదానికీ మూడోదానికీ నాకు అభ్యంతరం లేదు. మూడోది అసలు ప్రతి మూడు నెలలకీ చెప్పాలి, బాండ్లు కొనేవాడికి అది తెలియడమే కావాలి. రెండోది మాత్రం వద్దు. డిసెంబరులో ఒక వృద్ధి రేటు చెప్పి, జనవరి మొదట్లో గణాంక శాఖ ముందస్తు అంచనాలు వచ్చాక మార్చుకుంటే, సభని తప్పుదోవ పట్టించారని మీరే పోస్టు పెడతారు.

పద్దుపుస్తకం:
పెడతాను. అంచనా ఎందుకు మారిందో కూడా ఆయన చెప్పాల్సి వస్తుంది, నాకు కావలసింది అదే.

జీరోఅవర్:
ఎవరైనా తమ ఎంపీ చేత నిజంగా అడిగించేట్టయితే మూడో ప్రశ్నకి రాబోయే ఏడాది సంగతి జోడించి పంపకండి. "వచ్చే ఏడాది" అన్న మాట కనిపిస్తే ఊహాజనితమని కొట్టేసే అవకాశం ఉంది. నోటీసులో గత మూడేళ్ళలో సంస్థలవారీగా, సంవత్సరాలవారీగా తీసుకున్న అప్పు, దానికి వడ్డీ ఎవరు కడుతున్నారు అని మాత్రం రాయించండి. ప్రశ్నల వరస తేల్చే బ్యాలట్‌లో (లాటరీలో) పేరు పైకొచ్చి, మౌఖిక జవాబుకి ఆ రోజు వంతు వస్తే, రాబోయే ఏడాది సంగతి సప్లిమెంటరీలో, అంటే జవాబు మీద వేసే అనుబంధ ప్రశ్నలో, అడగొచ్చు. స్టార్ గుర్తు పెట్టించడం మర్చిపోవద్దు. లేకపోతే జవాబు కాగితం మీదే వస్తుంది, తిరిగి అడిగే వీలుండదు.