కనబడని గ్రీన్, మధ్యలో బంకర్: ఇది డిజైనా, ఆటగాడితో ఆటలా?

సూటిబాణం: ఐర్లాండ్‌లోని లహించ్ గోల్ఫ్ కోర్సులో అయిదో హోల్ 'డెల్'. పార్ 3, అంటే మూడు షాట్లలో ముగించాల్సింది. మొదటి షాట్ కొట్టే చోట, అంటే టీ మీద, నిలబడితే ఎదురుగా గడ్డి దిబ్బ తప్ప ఏమీ కనబడదు. బంతి పడాల్సిన గుంత ఉండే నున్నటి గడ్డి, అంటే గ్రీన్, దాని వెనక దాక్కుంటుంది. గుంతలో పాతిన జెండా ఎటుందో చెప్పేందుకు దిబ్బ మీద ఓ తెల్లరాయి పెడతారు, అంతే. కొట్టాక అవతలికి వెళ్లి చూస్తే గానీ బంతి గతేమిటో తెలియదు. దీన్ని మెచ్చుకునేవాళ్లు లాటరీని కూడా నైపుణ్యం అంటారేమో!

దిబ్బలరాయుడు: అది మొదటిసారికే గుడ్డి షాట్ అండీ. తర్వాత దూరం తెలుసు, రాయి తెలుసు. కళ్లకు కనబడని చోటికి నిండుగా స్వింగ్ చేయగలరా లేదా అన్నదే పరీక్ష. 1894లో కోర్సు గీసిన ఓల్డ్ టామ్ మోరిస్ నేల ఎలా ఉంటే అలా వాడుకున్నాడు. 1927లో మరో డిజైనర్ మెకంజీ వచ్చి కోర్సును బాగా మార్చినా డెల్ జోలికి మాత్రం పోలేదు.

తడిసినబంతి: నన్నడిగితే అసలు దోషి అమెరికాలోని సాగ్రాస్ కోర్సు 17వ హోల్. చుట్టూ నీళ్లు, మధ్యలో గ్రీన్. 2007 ప్లేయర్స్ టోర్నీ మొదటి రోజు గాలికి 50 బంతులు మునిగాయి. ఆడినవాళ్లంతా ప్రొఫెషనల్సే!

సూటిబాణం: 137 గజాలే కదా, పైగా అంతా కళ్లెదుటే ఉంది. దాచిందేముంది?

తడిసినబంతి: దాచలేదు సరే, రెండో దారి ఇచ్చారా? స్కాట్లండ్‌లో నార్త్ బెర్విక్ కోర్సు 13వ హోల్ చూడండి. గ్రీన్‌కు ముందు అడ్డంగా పాత రాతిగోడ. దాటించే ధైర్యం లేకపోతే ఇవతలే ఆగి, చిన్న షాట్‌తో లేపి వేసుకోవచ్చు. బంతి గోడకు అతుక్కుపోయిందా, పక్కకో వెనక్కో కొట్టుకోవాలి. ఒక షాట్ పోతుంది, ఆట పోదు. సాగ్రాస్‌లో అయితే మునిగాక మళ్లీ అదే నీళ్ల మీంచి కొట్టాలి. 2005లో బాబ్ ట్వే అనే ప్రొఫెషనల్ ఆ ఒక్క హోల్‌కే 12 షాట్లు కొట్టాడు.

దిబ్బలరాయుడు: ఇక్కడ తమాషా ఏంటంటే, సాగ్రాస్ 17 కూడా ముందే గీసుకున్న ప్లాన్ కాదు. మంచి ఇసుక అక్కడే దొరుకుతోందని తవ్వుతూ పోయారు. గొయ్యి పెద్దదయ్యాక, ద్వీపంలా చేసేద్దామని డిజైనర్ పీట్ డైకి సలహా ఇచ్చింది ఆయన భార్య ఆలిస్.

పట్టర్‌పంతులు: లాస్ ఏంజెలెస్‌లోని రివియెరా కోర్సు ఆరో హోల్‌ను మరిచారు. గ్రీన్ మధ్యలోనే బంకర్, అంటే ఇసుక గొయ్యి! గ్రీన్ మీదే ఉండి కూడా పట్ చేయలేక, అంటే బంతిని నేల మీద దొర్లించలేక, బంతిని ఎత్తుకు లేపే వెడ్జ్ కర్ర తీసి బంకర్ మీంచి లేపాల్సిన స్థితి. రూల్స్ ఒప్పుకుంటాయి గానీ, ఆ నున్నటి గడ్డిలోంచి పెళ్ల లేస్తే చూడాలి, గ్రీన్‌కీపర్ ముఖం! అయినా నా ఓటు దానికే. బంకర్ టీ నుంచే కనబడుతుంది. జెండా ఎటు పక్కుంటే అటే దింపాలి, తప్పు పక్కన దింపితే అది మన తప్పే.

సూటిబాణం: అంటే దారి ఉంది, గుట్టు లేదు. దానికి నేనూ సరే. డెల్ మీద నా అభ్యంతరం అలాగే ఉంది, పైగా అసలు సంగతి ఎవరూ ఎత్తలేదు: దిబ్బ అవతల మనుషులుంటే? ఇలాంటి పాత హోల్స్ కొన్నింట్లో ముందువాళ్లు ఖాళీ చేశాక గంట కొట్టాలి. వాళ్లు కొట్టడం మరిచిపోతే?

దిబ్బలరాయుడు: గట్టిగా అరిచి కనుక్కుంటాం, తర్వాతే కొడతాం. ఆ మాత్రం దానికి దిబ్బను తవ్వేస్తారా?