జాష్ మెక్‌డేనియల్స్ ట్రాక్ రికార్డ్ ఎలా చూడాలి?

అందరికీ నమస్తే, బోస్టన్ దగ్గర ఉంటాం, ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ (NFL) టీమ్ పేట్రియట్స్‌కి ఫ్యాన్‌ని. 2023, 2024లో వరసగా రెండు సీజన్లు 4-13 (4 గెలుపులు, 13 ఓటములు) చూసి మనసు విరిగిపోయింది, 2025లో మైక్ వ్రేబెల్ హెడ్ కోచ్‌గా వచ్చి జాష్ మెక్‌డేనియల్స్‌ని మళ్ళీ అఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా (ఎటాక్ ప్లాన్ చేసే కోచ్‌గా) తెచ్చాడు కదా, సంతోషపడాలో భయపడాలో తెలియట్లేదు.

2007లో ఈయన కింద టీమ్ 589 పాయింట్లు కొట్టింది, క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఎటాక్ నడిపే ఆటగాడు) టామ్ బ్రేడీ 50 టచ్‌డౌన్ పాస్‌లు (స్కోర్ తెచ్చే పాస్‌లు) వేశాడు, రెగ్యులర్ సీజన్ 16-0. అదే మనిషి 2011లో సెయింట్ లూయిస్ రామ్స్ టీమ్‌కి ఇదే పనికి వెళ్తే సీజన్ మొత్తానికి 193 పాయింట్లే, లీగ్‌లోనే అందరికంటే తక్కువ. డెన్వర్, లాస్ వేగస్ రెండు చోట్లా హెడ్ కోచ్‌గా రెండో సీజన్ పూర్తవకుండానే పంపేశారు, అయితే అది వేరే ఉద్యోగం కాబట్టి నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను.

నన్ను తొలిచేస్తున్న ప్రశ్న ఏంటంటే, ఆ గొప్పతనంలో బ్రేడీది ఎంత, ఈయనది ఎంత? 2021లో మ్యాక్ జోన్స్ అనే కొత్త క్వార్టర్‌బ్యాక్ కుర్రాడితో ప్లేఆఫ్స్‌కి (నాకౌట్ దశకి) వెళ్ళారు, నా ఆశంతా అక్కడే ఉంది, ఎందుకంటే మా క్వార్టర్‌బ్యాక్ డ్రేక్ మేకి కూడా 2025 రెండో ఏడాదే. కాకపోతే మే పరిగెత్తుతూ కూడా ఆడతాడు, బ్రేడీలా నిలబడి వేసే రకం కాదు. 2020లో క్వార్టర్‌బ్యాక్ క్యామ్ న్యూటన్‌తో ఈయన ప్లేలు ఎలా మార్చాడో, రామ్స్‌లో అసలు ఎక్కడ తేడా కొట్టిందో బాగా చూసినవాళ్ళు ఎవరైనా కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.